ఆ వంద గంటలూ వృథా కావు

వాన పడబోయే ముందు వెలెన్‌లో చెట్లు ఊగే తీరు ఒకసారి చూసినవాళ్ళు మరిచిపోరు. ఆకాశం బూడిదరంగుకు తిరుగుతుంది. బురద దారికి రెండు పక్కలా కొమ్మలు నేలను తాకేలా వంగి లేస్తుంటాయి. రెండు సైన్యాలు తొక్కి నాశనం చేసిన నేల అది. చెట్లకు వేలాడుతున్న శవాలు, మాడిపోయిన గుడిసెలు, ఎక్కడో ఓ కుక్క అరుపు. గుర్రం మీద వెళ్తున్న గెరాల్ట్ అనే రాక్షస వేటగాడికి ముఖ్యమైన పని ఒకటుంది. కన్నకూతురిలా పెంచిన సిరి ఎక్కడుందో వెతకాలి. కానీ అటు చెరువు గట్టున పొగ లేస్తోంది. ఆడుతున్న మనిషి గుర్రాన్ని అటు తిప్పుతాడు. అక్కడొక ఊరు, ఊళ్ళో ఒక గోడు, ఆ గోడు వెనక మరో కథ. రాత్రి తొమ్మిదింటికి కూర్చున్నవాడికి రెండు దాటిన సంగతి తెలియదు.

పోలండ్ రాజధాని వార్సాలోని సీడీ ప్రాజెక్ట్ రెడ్ సంస్థ 2015 మే 19న విడుదల చేసిన ‘ది విచర్ 3: వైల్డ్ హంట్’ లోకం ఇది. ముఖ్య కథను మాత్రమే పట్టుకుని పోయినా సుమారు 50 గంటలు పడుతుంది. కనిపించిన ప్రతి పక్కదారీ తొక్కేవాళ్ళకు 100 గంటలు ఇట్టే దాటిపోతాయి. 2023 నాటికి ఈ ఒక్క ఆటవే 5 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి. తెలుగు కుర్రకారులోనూ దీని లోతుల్లోకి దిగినవాళ్ళున్నారు. వాళ్ళ ఇళ్ళలో వినపడే మాట మాత్రం ఎప్పుడూ ఒకటే: “ఎప్పుడు చూడూ ఆ దిక్కుమాలిన ఆటేనా?”

ఆ మాట వెనక ఒక భయం ఉంది. అది ఊరికే పుట్టిన భయం కాదు. ఆన్‌లైన్ రమ్మీలో జీతాలూ అప్పులూ పోగొట్టుకుని ప్రాణాలు తీసుకున్నవాళ్ళ వార్తలు తెలుగు పత్రికలు ఏళ్ళ తరబడి అచ్చువేశాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించేలా చట్టం చేసింది. ఆటల వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణలో చేర్చింది కూడా. ఇంతటి అనుభవం ఉన్న తల్లిదండ్రులు తెర ముందు కదలకుండా కూర్చున్న కొడుకును చూసి గుండె పట్టుకోవడంలో తప్పు లేదు.

తప్పు ఎక్కడుందంటే, అన్నిటినీ ఒకే గాటన కట్టడంలో ఉంది. 2025 నాటి చట్టమే ఆ పని చేయలేదు. డబ్బు పందెం ఉన్న ఆటలను ఒక పక్కన పెట్టి నిషేధించింది, మిగిలినవాటిని వేరుగా చూసింది. రమ్మీ యాప్‌కు ముగింపు ఉండదు. ఓడినవాణ్ణి మరో పందేనికి, గెలిచినవాణ్ణి ఇంకా పెద్ద పందేనికి లాగడమే దాని బతుకుతెరువు. ఉచితంగా దొరికే చాలా మొబైల్ ఆటలు ఇంకో రకం. రోజూ ఒకసారి తెరవకపోతే బహుమతి పోతుందని బెదిరిస్తాయి, లోపల ఏముందో తెలియని పెట్టెలను డబ్బుకు అమ్ముతాయి. విచర్ దగ్గర ఈ వ్యవహారం లేదు. ఒకసారి కొంటే సరి, రెండు పెద్ద అనుబంధ కథలను మాత్రం విడిగా అమ్మారు. ఆట నెల రోజులు పక్కన పెట్టినా పోయేదేమీ లేదు. గెరాల్ట్ ఆపిన చోటే నిలబడి ఉంటాడు. అన్నిటికన్నా ముఖ్యం, కథ ముగుస్తుంది. ముగిశాక మనిషి లేచి వెళ్ళిపోతాడు.

మరి పట్టి ఉంచుతున్నది ఏమిటి? మొదటి ఊరు దాటకముందే ఒక ముసలమ్మ ఎదురవుతుంది. ఆమె వంటపెనాన్ని ఓ పరాయివాడు అడిగి పుచ్చుకున్నాడు, గుడిసెకు తాళం వేసుకున్నాడు, ఇక పత్తా లేడు. పెనం తెచ్చిపెట్టమని ఆమె అడుగుతుంది. దెయ్యాలనూ రాక్షసులనూ ఎదుర్కోవాల్సిన వీరుడికి ఇది పనా అనిపిస్తుంది. తలుపు బద్దలు కొట్టి లోపలికి పోతే అక్కడ ఒక శవం, కొన్ని కాగితాలు, గూఢచర్యం ఆనవాళ్ళు. ఆడుతున్నవాడు ముసలమ్మ మాటను తేలిగ్గా కొట్టిపారేసి ఉంటే ఇవేవీ కంటపడేవి కావు. ఆట తొలి గంటల్లోనే నేర్పే పాఠం అది: ఎవరి గోడూ చిన్నది కాదు. తరవాతి వంద గంటలూ మనిషి చెవి ఒగ్గి వింటూనే ఉంటాడు.

వెలెన్‌లో బ్లడీ బారన్ అనే పేరు మోసిన ఓ మోతుబరి కథ ఈ ఆటకు గుండెకాయ. తాగుబోతు. పెళ్ళాన్ని కొట్టేవాడు. ఆ దెబ్బల గొడవలోనే ఆమెకు గర్భం పోయింది. పోయిన పిండాన్ని పేరైనా పెట్టకుండా పాతిపెట్టాడు. అలా పాతిపెట్టిన బిడ్డ పీడై లేస్తుందని అక్కడివాళ్ళ నమ్మకం, లేస్తుంది కూడా. అప్పుడు గెరాల్ట్ ముందు రెండు దారులుంటాయి. కత్తితో దాన్ని చంపేయవచ్చు. లేదా తండ్రి చేతనే ఎత్తుకునేలా చేసి, ఇంటి గడప దగ్గరికి తీసుకొచ్చి, పేరు పెట్టించి, గడప కింద పూడ్పించవచ్చు. రెండో దారి పట్టినవాళ్ళు చూసేది ఇది: చీకట్లో ఆ భారీ మనిషి వికారమైన ఆ చిన్న శరీరాన్ని పొదివి పట్టుకుని నడుస్తుంటాడు. అది గుర్రుమంటూ కొట్టుకుంటుంటుంది. పక్కన నడుస్తున్న గెరాల్ట్ మాటిమాటికీ దాన్ని శాంతింపజేయాలి. చుట్టూ ప్రేతాలు మూగుతాయి. గడప చేరాక బారన్ ఆ బిడ్డను కూతురిగా ఒప్పుకుని పేరు పెట్టాలి. అంతవరకూ అతణ్ణి అసహ్యించుకున్నవాళ్ళు కూడా ఆ క్షణాన ఏం అనుకోవాలో తోచక ఊరుకుంటారు. ఆట అతణ్ణి క్షమించమని చెప్పదు. భార్య ఒంటిమీది దెబ్బలను మరిచిపోనివ్వదు. అతని కన్నీళ్ళు అబద్ధమనీ అనదు.

ఇదే కథలో ఇంకో మెలిక ఉంది. గుట్ట కింద బందీగా ఉన్న ఒక ఆత్మను విడిచిపెట్టాలా, చంపాలా అన్న ప్రశ్న వస్తుంది. విడిచిపెడితే అనాథ పిల్లలు బతుకుతారు, కానీ ఒక ఊరు నాశనమవుతుంది. బారన్ భార్య చనిపోతుంది, అతను ఉరేసుకుంటాడు. చంపితే పిల్లలు పోతారు, మతి చెడినా భార్య ప్రాణాలతో మిగులుతుంది. నిర్ణయం తీసుకున్న క్షణంలో ఇదేమీ తెలియదు. ఎంతో సేపటికి, మరో పని మీద అటు వచ్చినప్పుడు తెలుస్తుంది. అప్పుడు వెనక్కి పోయి దిద్దుకోవాలనిపించదు, చేసినదాన్ని మోయాలనిపిస్తుంది. మంచి నవల చదివినవాడికి కలిగే కలవరానికీ దీనికీ పెద్ద తేడా లేదు. ఉన్న తేడా ఒక్కటే: ఇక్కడ తప్పులో ఆడేవాడికీ వాటా ఉంటుంది.

ఈ కథలకు ఇంత బలం ఎక్కడిది? నేలలోంచి వచ్చింది. విచర్‌కు మూలం ఆంద్జే సాప్‌కోవ్‌స్కీ రాసిన కథలు, నవలలు. మొదటి కథ 1986లో ‘ఫాంటాస్తికా’ అనే పోలిష్ పత్రికలో వచ్చింది. ఆ కథలకు ఆట తయారుచేసినవాళ్ళు తమ అమ్మమ్మల దగ్గర విన్న లోకాన్ని జోడించారు. కోతల కాలంలో మిట్టమధ్యాహ్నం పొలాల్లో తిరిగే స్త్రీ ప్రేతం స్లావ్ జాతుల పాత నమ్మకం. ఆటలో అది ఊరి బావి దగ్గర కాపు కాస్తుంది. మిట్టమధ్యాహ్నం చింతచెట్టు కిందికి పోవద్దని పెద్దలు చెప్పగా పెరిగిన తెలుగువాళ్ళకు ఆ భయం కొత్తది కాదు. చనిపోయిన పెద్దలను పిలిచి అన్నం పెట్టే ‘జ్యాదీ’ అనే పాత ఆచారం ఆటలో ఓ చెరువు లంకలో జరుగుతుంది. అనుబంధ కథ ‘హార్ట్స్ ఆఫ్ స్టోన్’కు పాన్ త్వర్దోవ్‌స్కీ అనే మాంత్రికుడి గాథ ఆధారం. రోమ్‌లో ఉన్నప్పుడే తన ఆత్మను తీసుకుపోవాలని అతను సైతానుతో షరతు పెట్టుకుంటాడు. చివరికి ‘రోమ్’ అనే పేరున్న సత్రంలో అడుగుపెట్టి దొరికిపోతాడు. ఆటలో ఆ షరతు చంద్రుడి మీద నిలబడటంగా మారింది. పాడుబడ్డ గుడి నేల మీద పరిచిన చంద్రుడి బొమ్మ దగ్గర లెక్క తేలుతుంది.

ఇలా దారి పొడుగునా కథలు దొరికే పద్ధతి తెలుగువాళ్ళకు తెలియనిదా? మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీ మజిలీ కథలు’ నడిచేది అలాగే. కాశీకి పోతున్న గురువు వెంట పశువుల కాపరి కుర్రాడు ఉంటాడు. దారిలో ఏ వింత కంటపడినా దాని సంగతేమిటని అడుగుతాడు. మజిలీ చేరాక గురువు కథ విప్పుతాడు, ఆ కథలోంచి ఇంకో కథ పుడుతుంది. ‘చందమామ’లో దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్ళ కోసం, వాటికి ‘చిత్ర’ వేసిన బొమ్మల కోసం నెలంతా ఎదురుచూసిన తరం ఇంకా మన మధ్యే ఉంది. మాంత్రికులు, మొసలి మడుగులు, శిథిల నగరాలు వాళ్ళను కట్టిపడేశాయి. ఆ తరమే మనవణ్ణి తెర ముందు నుంచి లేవగొడుతోంది. తాము ఏ లోకంలో మునిగి పెరిగారో, మనవడూ అలాంటి లోకంలోనే ఉన్నాడని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

చెప్పాల్సినవి ఇంకా ఉన్నాయి. ఇది చిన్నపిల్లల ఆట కాదు. యూరప్ వర్గీకరణ ప్రకారం 18 ఏళ్ళు నిండినవాళ్ళకే. హింస, నగ్నత్వం, క్రూరత్వం దాచకుండా ఉంటాయి. పదేళ్ళవాడి చేతికి ఇచ్చిన ఇంట్లో పెద్దలదే తప్పు. వంద గంటలు ఎవరి జీవితంలోనైనా చిన్న మొత్తం కాదు. నిద్ర, చదువు, ఉద్యోగం చెడగొట్టుకుని ఆడితే అది ఎంత గొప్ప ఆటైనా నష్టమే. ఆటలోనూ బోలుగా ఉన్న చోట్లున్నాయి. స్కెలిగ దీవుల చుట్టూ సముద్రం నిండా ప్రశ్నార్థకాలు కనిపిస్తాయి. పడవ వేసుకుని పోతే తేలుతున్న దొంగ సరుకు పీపాలు తప్ప ఏమీ ఉండవు. అక్కడ మనిషి కథలో మునగడు, పటం మీది గుర్తులు చెరిపేయాలన్న యావలో పడతాడు. పట్టి ఉంచే తీరులో రెండు రకాలూ ఒకే ఆటలో పక్కపక్కనే కనిపిస్తాయి. ఇంట్లో గొడవ రావాల్సింది ఆ రెండో రకం గురించి. “ఎన్ని గంటలు ఆడావు?” అన్న ప్రశ్నతో పాటు “నిన్న ఏం జరిగింది అందులో?” అని కూడా అడిగితే తేడా వెంటనే బయటపడుతుంది. బారన్ కథ ఆడినవాడు అరగంట చెబుతాడు. పీపాలు ఏరినవాడి దగ్గర చెప్పడానికేమీ ఉండదు.

పోలండ్ ఇలాంటి ఆట చేసే స్థాయికి చేరిన దారి తెలుగువాళ్ళు తెలుసుకోదగ్గది. 1994లో మార్చిన్ ఇవిన్‌స్కీ, మిహావ్ కిచిన్‌స్కీ అనే ఇద్దరు యువకులు విదేశీ ఆటల సీడీలు తెచ్చి అమ్మే వ్యాపారంగా సీడీ ప్రాజెక్ట్‌ను మొదలుపెట్టారు. బజారంతా దొంగ ప్రతులే. అసలు ప్రతిని ఎవరు కొంటారన్నది అప్పటి ప్రశ్న. వాళ్ళు ‘బాల్డర్స్ గేట్’ అనే పెద్ద ఆటను పోలిష్‌లోకి మార్పించారు. పేరున్న నటుల చేత మాటలు చెప్పించారు, పెట్టెలో పటం, పాటల సీడీ పెట్టారు. 1999లో అది వచ్చినప్పుడు జనం దొంగ ప్రతులను వదిలి దాన్ని కొన్నారు. సొంత భాషలో ఆడే రుచి మరిగిన దేశంలో, సొంత కథలతో ఆట చేయగల ధైర్యం ఆ తరవాత వచ్చింది. మొదటి విచర్ 2007లో వెలువడింది. 2011లో అమెరికా అధ్యక్షుడు ఒబామా వార్సా వచ్చినప్పుడు ప్రధాని డొనాల్డ్ టుస్క్ ఇచ్చిన కానుకల్లో విచర్ రెండో ఆట ఒకటి.

విచర్ 3లో తెలుగు లేదు. భారతీయ భాష ఏదీ లేదు. బారన్ కథ కంట నీరు పెట్టిస్తుంది, కానీ ఆ ఇంగ్లిష్ యాస పట్టుకోగలిగినవాళ్ళకే. హాలీవుడ్ సినిమాలు తెలుగులోకి డబ్ అయి జిల్లా కేంద్రాల్లోనూ ఆడుతున్న కాలంలో, తెర కింద తెలుగు అక్షరాలు పెట్టించుకోవడం అసాధ్యమేమీ కాదు. కావాలని అడిగేవాళ్ళుండాలి. అడగాలంటే ముందు ఇది సిగ్గుపడి దాచుకునే అలవాటు కాదని అనిపించాలి.

ఆ పని పత్రికలు మొదలుపెట్టవచ్చు. సినిమా విడుదలైతే మర్నాటికల్లా సమీక్ష రాసే పేజీల్లో, నవలలకూ కథా సంకలనాలకూ చోటిచ్చే ఆదివారం అనుబంధాల్లో, ఇలాంటి ఆట గురించిన నాలుగు మాటలు ఎప్పుడో గానీ కనబడవు. విచర్ నాలుగో ఆట తొలి ట్రైలర్‌ను 2024 డిసెంబరులో చూపించారు. ఈసారి ప్రధాన పాత్ర సిరిది. అది విడుదలైన వారం తెలుగులో సమీక్ష రావాలి. కథ నిలబడిందా, ఏ జానపదాన్ని ఎలా వాడుకున్నారు, సిరి పాత్రను ఎలా మలిచారు, ఏ వయసువాళ్ళు ఆడొచ్చు, ఎక్కడ సాగదీశారు అన్నవి అందులో ఉండాలి. రాయగలిగినవాళ్ళు ఈపాటికే ఇళ్ళలో తలుపులు వేసుకుని రెండింటిదాకా ఆడుతూ ఉంటారు.