దాదా బందూక్ నాలి కోయించొద్దు భాయ్



ఉదయగిరి, ఆత్మకూరు తరఫ్ మన మగవాళ్లు నలుగురు దావత్‌లో కలిస్తే, బిర్యానీ అయ్యాక షికార్ మాట రాకుండా ఉండదు. ఎవరి దాదా దుప్పిని కొట్టాడు, ఎవరి నానా ఒక్క కార్తూస్‌తో అడవిపందిని పడగొట్టాడు... వినడానికి మజాగానే ఉంటుంది. ఇప్పుడు కుర్రాళ్లు యూట్యూబ్ చూసి కొత్త బహస్ మొదలుపెట్టారు. షికార్ రైఫిల్‌కు పొట్టి నాలి మంచిదా, పొడుగు నాలి మంచిదా? అంతటితో ఆగితే ఫికర్ లేదు. కొందరు "ఇంట్లో మూలన పడున్న పాత దునాలిని కోయించి పొట్టి చేసుకుంటే జీపులో పెట్టుకోవడానికి బాగుంటుంది కదా" అంటున్నారు. నా భయమంతా ఆ మాట గురించే.

ముందు వాళ్ల సవాల్‌కు జవాబ్ చెబుతాను. పొడుగు నాలి అయితే గురి తప్పదు అనేది సగం నిజం. తూటా నాలిలో ఉన్నంతసేపే మందు కాలిన గ్యాసు దాన్ని తోస్తుంది. నాలి పొడుగైతే తోపు ఎక్కువసేపు ఉంటుంది, వేగం కాస్త పెరుగుతుంది. పెద్ద రైఫిళ్లలో ఒక్కో అంగుళానికి సెకనుకు సుమారు 20 నుంచి 50 అడుగుల తేడా. పాయింట్ 22 రైఫిల్‌లో మందే తక్కువ కాబట్టి 16 అంగుళాల దగ్గరికే వేగం దాదాపు పూర్తిగా వచ్చేస్తుంది. ఆపైన పొడుగు దండగ. పొట్టి నాలి బిగువుగా ఉంటుంది, కంపం తక్కువ, కాబట్టి దాని గురిని తక్కువ చేసి చూడనక్కర్లేదు. కాకపోతే మూతి దగ్గర మంట, మోత రెండూ ఎక్కువ.

మరి మన దాదాలు పొడుగు నాలినే ఎందుకు పసంద్ చేశారు? వాళ్ల తుపాకీకి దూర్బీన్ ఉండేది కాదు. కంటితో ముందు మక్ఖీని జంతువు మీద నిలపాలి. నాలి పొడుగైతే చెయ్యి కాస్త పక్కకు పోయినా వెంటనే తెలుస్తుంది. అంతకుముందు భర్మార్ బందూక్ రోజుల్లో నల్లమందుకు పొడుగు నాలి జరూరత్ ఉండేది. ఆ ఆదత్ తర్వాత వచ్చిన 12 బోర్ తుపాకీకీ అంటుకుంది.

ఇంతవరకూ ఇల్మ్. ఇక కానూన్ చూద్దాం.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. మొదట్లో కొన్ని జంతువులకు లైసెన్సు మీద వేట ఉండేది. 1991 సవరణతో ఆ దర్వాజా కూడా మూసేశారు. వెలికొండల్లో దుప్పి అయినా, మన రాష్ట్ర జంతువు కృష్ణజింక అయినా, షౌక్ కోసం కొడితే జుర్మే. "పందులు చేను తవ్వేస్తున్నాయి, మేమేం చెయ్యాలి?" అని రైతు అడగడం న్యాయమే. దానికి కూడా అటవీ శాఖ ఇజాజత్ కావాలి. రాత్రిపూట నలుగురు కుర్రాళ్లు జీపేసుకుని పోవడాన్ని ఎవరూ ఇజాజత్ అనరు. అంటే ఉదయగిరి కుర్రాడికి షికార్ రైఫిల్ నాలి ఎంత ఉండాలన్న ప్రశ్నే లేదు. షికారే లేనప్పుడు నాలి కొలత దేనికి?

కోయించడం మాటకొద్దాం. 1959 ఆయుధాల చట్టంలో సెక్షన్ 6 చదవండి. ప్రత్యేక లైసెన్సు లేకుండా తుపాకీ నాలిని పొట్టి చెయ్యడమే ఒక నేరం. కాల్చనక్కర్లేదు, ఎవరినీ బెదిరించనక్కర్లేదు, కోస్తే చాలు. 2019 సవరణ తర్వాత దీనికి సజా కనీసం 7 ఏళ్లు, గరిష్ఠం ఉమర్ ఖైద్. ఇదే చట్టం సెక్షన్ 13లో ఆత్మరక్షణకో స్పోర్ట్‌కో లైసెన్సిచ్చే నునుపు నాలి తుపాకీకి 20 అంగుళాలకు తగ్గని నాలి అని రాశారు. పొట్టి నాలి బట్టల్లో దాగుతుంది. చట్టానికి భయం అక్కడే. జీపులో సౌకర్యం కోసం కోశానని జడ్జిగారి ముందు చెబితే ఎవరు నమ్ముతారు?

ఇంకో మాట. కటువుగా ఉంటుంది, మాఫ్ చెయ్యండి. కోసిన తుపాకీ వేరే ఇంట్లో దొరికితే పేపర్లో జిల్లా పేజీలో చిన్న వార్త. మన పేరున్న ఇంట్లో దొరికితే హెడ్డింగ్ మారుతుంది, టీవీలో బహస్ నడుస్తుంది. జర్నలిస్టుగా ఈ ఫరక్ రోజూ చూస్తూనే ఉన్నాను. ఇది ఇన్సాఫ్ కాదు, నిజమే. కొత్తదీ కాదు. 1839లో బ్రిటిష్ వాళ్లు కుట్ర ఇల్జామ్ మోపి మన ఉదయగిరి జాగీర్దార్‌ను చెంగల్పట్టుకు పంపేశారు. అదే ఏడు ఆయుధాలు పోగేశాడని కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ రాజ్యం లాక్కున్నారు. ఆ ఫరక్ మీద కొట్లాడదాం. కానీ కుర్రాడి షౌక్ కోసం ఆ కొట్లాటకు మనమే సాక్ష్యం అందించడం అఖల్‌మందీ కాదు.

దీన్ వైపు నుంచి కూడా చూడండి. హనఫీ ఉలమాల్లో చాలామంది రాయ్ ఏమిటంటే, తూటా దెబ్బకే చచ్చిన జంతువు హలాల్ కాదు, ప్రాణం ఉండగానే అందుకుని జబాహ్ చెయ్యాలి. తూటా చీల్చుకుపోతుంది కాబట్టి జాయిజ్ అన్నవాళ్లూ ఉన్నారు. మొదటి రాయ్ పాటించేవాళ్లకు నాలి ఇచ్చే వేగం కన్నా ఛురీ పట్టుకుని పరిగెత్తే కాళ్లే ముఖ్యం. ఇక ప్రాణమున్న దాన్ని ఉత్తి నిషానాగా పెట్టుకోవద్దని హదీసే ఉంది. రీల్స్ కోసం కాల్చేవాళ్లు ఆ ఒక్కటీ గుర్తు పెట్టుకుంటే చాలు.

కుర్రాళ్లకు సలీం అలీ గారి కిస్సా చెప్పండి. 1908లో బొంబాయిలో ఆ పిల్లవాడు ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టాడు. గొంతు మీద పసుపు మచ్చ చూసి, ఇది మనం తినొచ్చా అని మామూ అమీరుద్దీన్ తయ్యబ్జీని అడిగాడు. మామూ బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపాడు. హలాల్ గురించి అడిగిన ఆ ఒక్క సవాల్ నుంచి దేశంలోకెల్లా పేరున్న పక్షి శాస్త్రవేత్త తయారయ్యాడు.

చివరగా ఇంటి ఆడవాళ్లకు ఒక నసీహత్. ఆపా, ఖాలా, మీ ఇంట్లో సందూక్‌లోనో అల్మారా మీదో మర్హూం దాదా తుపాకీ ఉందా? లైసెన్సు ఆయన పేరు మీదే ఉండేది. ఆయన ఇంతెఖాల్‌తో ఆ లైసెన్సు మీకు రాదు. ఊరికే ఉంచుకుంటే అది లైసెన్సు లేని తుపాకీ, కనీస సజా 2 ఏళ్లు. వెంటనే దగ్గరి పోలీస్ స్టేషన్‌లోనో లైసెన్సున్న డీలర్ దగ్గరో జమ చేసి రసీదు తీసుకోండి. కావాలనుకుంటే వారిసుల్లో ఒకరు తమ పేరున లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. వద్దనుకుంటే డీలర్ ద్వారా అమ్మేయొచ్చు. దాదా హయాత్‌లో ఉంటే ఇంకా ఆసాన్. ఆయనకు 70 ఏళ్లు నిండినా, ఆ తుపాకీ 25 ఏళ్లు ఆయన దగ్గర ఉన్నా, 2016 ఆయుధాల నియమాల ప్రకారం ఇప్పుడే వారిసు పేరుకు మార్పించుకునే వీలుంది.

దాదా షికార్ కిస్సాలు మన విరాసత్, జరూర్ చెప్పుకుందాం. బందూక్ మాత్రం అమానత్. ఈ జుమా నమాజ్ అయ్యాక ఇంటికెళ్లి లైసెన్సు బుక్కు తీసి తారీఖు చూడండి.

ఖుదా హాఫిజ్.