సాల్మన్ చేప: సముద్రం ఎవరిది? లాభం ఎవరిది?

2023 మే 31న నార్వే పార్లమెంటు ఒక చట్టాన్ని ఆమోదించింది. సముద్రంలో సాల్మన్ చేపల్ని పెంచే కంపెనీల లాభాల మీద, మామూలు పన్నుకు తోడు, మరో 25 శాతం పన్ను విధించింది. సముద్రం ప్రజల ఉమ్మడి ఆస్తి గనుక, దాన్ని వాడుకొని గడించే అదనపు లాభంలో ప్రజలకు వాటా ఉండాలన్నదే దానికి చూపిన కారణం. 2022 సెప్టెంబరులో ప్రభుత్వం మొదట ప్రతిపాదించింది 40 శాతం. కంపెనీలు గగ్గోలు పెట్టాయి, షేర్ల ధరలు కూలాయి, చివరికి అది 25కు దిగింది. చిన్న పెంపకందారుల మీద భారం పడకుండా 7 కోట్ల క్రోనర్ల మినహాయింపు ఇచ్చారు.

ఎక్కడో మంచుదేశపు చేప గొడవ మన రైతులకెందుకని ఎవరైనా అడగవచ్చు. భీమవరం చుట్టుపక్కల చెరువు గట్ల మీద ఈనాడు నలుగుతున్న ప్రశ్నలన్నీ ముప్పై, నలభై ఏళ్ల క్రితమే అక్కడ తలెత్తాయి. అందుకే ఆ చరిత్ర మనకు పనికొస్తుంది.

ముందుగా ఈ చేపను ఎలా పెంచుతారో చూద్దాం. గుడ్లు పొదిగించడం, పిల్లల్ని సాకడం మంచినీటి తొట్లలో జరుగుతుంది. ఏడాదికి అటూ ఇటూగా, పిల్ల ఉప్పునీటికి తట్టుకునే దశకు రాగానే సముద్రంలోకి మారుస్తారు. కొండల మధ్యకు చొచ్చుకువచ్చిన సముద్రపు పాయల్లో, తేలే చట్రాలకు పెద్ద పెద్ద వలలు వేలాడదీస్తారు. ఒక్కో వల చుట్టుకొలత 160 మీటర్ల వరకు ఉంటుంది. ఒక్క వలలో 2 లక్షల చేపలకు మించరాదని నిబంధన. అందులో ఏడాది నుండి రెండేళ్ల లోపు పెరిగి చేప నాలుగైదు కిలోలు తూగుతుంది.

ఖర్చులో దాదాపు సగం మేతకే పోతుంది. 1990 ప్రాంతంలో ఆ మేతలో పదింట తొమ్మిది వంతులు చేపపొడి, చేపనూనె. ఇప్పుడు ఎక్కువ భాగం బ్రెజిల్ సోయా, నూనెగింజల సరుకే. చివరికి ఆ మాంసపు ఎర్రరంగు కూడా మేతలో కలిపేదే. ఇక రోగాల సంగతి. టీకాలు వచ్చాక మందుల వాడకం బాగా తగ్గింది. 1987లో 50 టన్నులకు చేరువైన యాంటీబయాటిక్కులు ఇప్పుడు ఏటా ఒక టన్ను లోపే. ఇది మెచ్చుకోదగ్గ విషయమే. కాని సముద్రపు పేను మాత్రం లొంగలేదు. మందులకు అలవాటుపడింది. దాన్ని వదిలించడానికి చేపను వేడినీటిలో ముంచడం, బ్రష్షులతో తోమడం కూడా చేస్తున్నారు. 2023లో వలల్లో 6 కోట్ల 28 లక్షల చేపలు చచ్చిపోయాయని అక్కడి పశువైద్య సంస్థే ప్రకటించింది. అంటే నూటికి పదహారు, పదిహేడు.

బతికిన చేపను నీళ్లతోపాటే ఓడలో తరలించి, ప్లాంటులో చంపి, పేగులు తీసి, ఐసు పెట్టెల్లో సర్దుతారు. చాలావరకు అలాగే లారీలెక్కి యూరపు దేశాలకు పోతుంది. అందులో పెద్ద భాగం వెళ్లేది పోలండుకు. ముక్కలు కోసేది, పొగబెట్టేది అక్కడి కార్మికులు. ఎందుకంటే అక్కడ కూలి చవక. అదీగాక పచ్చి చేప మీద యూరోపియన్ యూనియన్ సుంకం 2 శాతమే, పొగబెట్టిన చేప మీద 13 శాతం. పచ్చి సరుకు రావాలి, పని మాత్రం తమ గడపలోనే జరగాలన్నది సంపన్న దేశాల పాత నీతి. దాని దెబ్బ నార్వే వంటి ధనిక దేశానికీ తప్పలేదు.

అయినా ఏటా 12 లక్షల టన్నులు, 12 వేల కోట్ల క్రోనర్లకు పైబడిన ఎగుమతి. ఇంత వ్యాపారం మొదట ఎవరి చేతిలో ఉండేది?

1970లో హిట్రా దీవి దగ్గర గ్రోంట్‌వెట్ అన్నదమ్ములు తేలే వలల్లో సాల్మన్ పెంచి చూపించారు. సముద్రతీర రైతులు, జాలరులు అందిపుచ్చుకున్నారు. నదుల నుండి తెచ్చిన చేపలతో మేలుజాతి తయారుచేసింది ప్రభుత్వ సొమ్ముతో నడిచిన పరిశోధన. 1973 నుండి లైసెన్సు తప్పనిసరి అయింది. ఒక మనిషికి ఒకే పెంపకం, యజమాని స్థానికుడై ఉండాలన్నది విధానం. 1978లో పెంపకందారుల అమ్మకం సంఘం ఏర్పడింది. మొదటి అమ్మకం ఆ సంఘం ద్వారానే జరగాలి, కనీస ధర సంఘమే నిర్ణయించాలి. దళారీకి రైతును విడిగా పట్టుకుని నొక్కే వీలు లేకపోయింది.

తరువాత ఉత్పత్తి అదుపు తప్పింది. 1987లో 47 వేల టన్నులున్నది 1990కి లక్షన్నర టన్నులకు దగ్గరపడింది. ధర పడిపోయింది. ధర నిలబెట్టడానికి సంఘం అప్పు చేసి చేపను కొని శీతల గిడ్డంగుల్లో దాచింది. సరిగ్గా అప్పుడే, 1991లో, చవకగా కుమ్మరిస్తున్నారంటూ అమెరికా సుమారు 26 శాతం సుంకం వేసింది. ఆ ఏడాది నవంబరులో సంఘం దివాలా తీసింది. ఒకరు ఎన్ని పెంపకాలైనా కొనవచ్చునని అదే ఏట చట్టం మార్చారు. అప్పుల్లో కూరుకుపోయిన చిన్నవాళ్లు వరుసగా అమ్ముకున్నారు. నేడు ఉత్పత్తిలో సుమారు సగం నాలుగైదు కంపెనీలది. వాటిలో ఒకటి 2014 నుండి జపాను మిత్సుబిషి చేతిలో ఉంది. ధరల విషయంలో కుమ్మక్కయ్యారన్న అనుమానంతో 2024 జనవరిలో యూరోపియన్ కమిషన్ ఆరు నార్వే కంపెనీలకు అభియోగపత్రం ఇచ్చింది. రైతులు కలిసి ధర నిర్ణయిస్తే మార్కెట్టుకు అడ్డంకి అన్నారు. ఆ అడ్డంకి తొలగించాక మిగిలిన మార్కెట్టు తీరు ఇదీ!

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. సంఘాన్ని ముంచింది బయటివాళ్లు మాత్రమే కాదు. ఎంత పెంచాలన్నది ఎవరికి వారికి వదిలేసి, ధర మాత్రం సంఘం మొయ్యాలంటే ఏ సంఘమూ మొయ్యలేదు. ఉత్పత్తి మీద ఉమ్మడి అదుపు, కష్టకాలంలో ప్రభుత్వ పూచీ, ఈ రెండూ లేకనే అది కూలింది.

మన పరిస్థితి ఏమిటి? వనామీ తల్లిరొయ్య ఎక్కువగా అమెరికా నుండి విమానంలో దిగాలి. మేత ధర కంపెనీ చెప్పిందే. కౌంటుకు రేటు కట్టేది కొనేవాడు. 2025 ఏప్రిల్‌లో అమెరికా 26 శాతం సుంకం ప్రకటించిందో లేదో, అది అమలుకాకముందే చెరువు దగ్గర రేటు కోసేశారు. ఆగస్టు 27 నుండి సుంకం 50 శాతానికి పోయింది. సుంకం పెరిగినప్పుడు రేటు గంటల్లో దిగుతుంది. అది తగ్గినప్పుడు మాత్రం లెక్కలు చూడాలంటారు! నష్టం రైతుది, బేరం వాళ్లది.

రాష్ట్రంలో 2020లో ఆక్వా ప్రాధికార సంస్థ చట్టం, మేత నాణ్యత చట్టం వచ్చాయి. చట్టాలున్నంత మాత్రాన చెరువు గట్టు మీద రేటు మారదు. తల్లిరొయ్యల తయారీ ప్రభుత్వ పరిశోధన చేతిలో ఉండాలి. కౌంటువారీ కనీస ధరకు చట్టబద్ధత కావాలి. కౌలు రైతుకు బ్యాంకు అప్పు దొరకాలి. ఎన్ని ఎకరాల్లో ఎప్పుడు వెయ్యాలో రైతు సంఘాలు కూర్చుని తేల్చుకోవాలి. తాగునీళ్లు ఉప్పగా మారిన ఊళ్ల ప్రజల మాట, కూలీల మాట కూడా అందులో చెల్లాలి.

నార్వే ప్రజలు చేప చేజారిపోయాక, కనీసం నీటి అద్దె అయినా వసూలు చేసుకుంటున్నారు. మన చెరువులు ఇంకా మన చేతిలోనే ఉన్నాయి. అవి ఉండగానే అమ్మకాన్ని కూడా చేతిలోకి తీసుకోవడమా, లేక పోయాక అద్దె కోసం పోరాడడమా అన్నది రైతాంగం ఇప్పుడే తేల్చుకోవాలి.