గిటారు శిక్షణలో శాస్త్రమునకుఁ జోటెప్పుడు?

గిటారు నేర్వఁగోరిన బాలబాలికలకు వాద్యముకంటె ముందు స్వరలిపి గ్రంథము నిచ్చుటయు, మూడు కార్డులు రాఁగానే శాస్త్రమక్కఱలేదని విడిచిపెట్టుటయు మాకు సమ్మతములు కావు.

మనము ‘శుద్ధరాత్రి’ యని పాడుకొను క్రిస్మసు కీర్తననే చూడుఁడు. అది 1818వ సంవత్సరపు క్రిస్మసు ముందురాత్రి ఆస్ట్రియాలోని ఓబెర్న్‌డోర్ఫునందు గిటారుతోనే తొలుత పాడఁబడినది. డి, జి, ఏ యను మూడు కార్డులతో నది చక్కగా సాగును. క్రొత్తవారికి వ్రేళ్లు నిలుపు చోటు తెలిసినఁ జాలును. వ్రేలికొనలు నొచ్చుచుండఁగా శాస్త్రమెవరి చెవికెక్కును?

అయితే పైస్వరము కంఠములకందదు, శ్రుతి దింపుమని గాయకబృందము కోరిననాఁడు ఆ విద్య నిలిచిపోవును. నేర్చిన యా కార్డులకుఁ గాపో తగిలించినచో శ్రుతి హెచ్చునే గాని తగ్గదు. శాస్త్రమునకుఁ దగిన సమయమదియే. స్వరశ్రేణిలో 1, 4, 5 స్థానముల సంగతి యొక్కటి చెప్పినచో, డి శ్రుతిలోని డి, జి, ఏ కార్డులు సి శ్రుతిలో సి, ఎఫ్, జి యగునని విద్యార్థి తానే లెక్కించుకొనును. పూర్తి ఎఫ్ కార్డునకు మొదటి మెట్టుపైఁ జూపుడువ్రేలితో నాఱు తంత్రులను నొక్కవలసియుండును గనుక చేతికిని బని తగులును.

వేగముగా వాయించు పెద్ద విద్యార్థులు కొందఱు ఈ లెక్కను జిన్నతనముగా నెంచుచున్నారు. వారి వేగము వినుటకు సొంపే. గాని క్రిస్మసు రాత్రి వారికొఱకుఁ బాడువారు గొంతు చించుకొనవలసివచ్చుచున్నది.