చూపులేని మనిషి ముందు చిట్లిన నుదురు

ఖుర్ఆన్‌లో 80వ సూరాకు, అంటే అధ్యాయానికి, పేరే ఒక ముఖకవళిక నుంచి వచ్చింది. ‘అబస’ అంటే ముఖం చిట్లించాడని అర్థం. మక్కాలో ఖురైష్ తెగ పెద్దలతో ప్రవక్త ముహమ్మద్ మాట్లాడుతున్నారు. అబ్దుల్లా ఇబ్న్ ఉమ్మె మక్తూమ్ అనే అంధుడు వచ్చి, తనకు ధర్మం బోధించమని మధ్యలో అడిగాడు. ఎవరూ కసురుకోలేదు. నుదురు ముడిపడింది, ముఖం పక్కకు తిరిగింది, అంతే. ఆ రెండు కదలికలకే మందలింపుగా ఈ సూరా అవతరించిందని చెబుతారు.

ఆ ముఖం ఎవరిది? ప్రవక్తదేనని సున్నీ వ్యాఖ్యాతల్లో అత్యధికులు అంటారు. 11వ శతాబ్దపు షరీఫ్ ముర్తజా, 20వ శతాబ్దపు తబాతబాయీ వంటి షియా పండితులు ఒప్పుకోరు. వాళ్ల వాదనను తేలిగ్గా తీసిపారెయ్యలేం. ప్రవక్త శీలం మహోన్నతమని 68వ సూరా చెబుతోంది. అలాంటి మనిషి కళ్లు లేనివాడికి పెడమొహం పెడతారా? పైగా మొదటి రెండు క్రియలూ ప్రథమ పురుషలోనే ఉన్నాయి. ‘నువ్వు’ అన్న సంబోధన మూడో వాక్యంలో గానీ రాదు. ముఖం చిట్లించింది అక్కడున్న ఉమయ్యా వంశీయుడని షియా కథనం.

సున్నీలు అదే వ్యాకరణంలో ఆప్యాయత చూస్తారు. నేరుగా నిలదీయకుండా, తప్పు ఇంకెవరిదో అన్నట్టు మొదలుపెట్టాడట దేవుడు. మన ఇళ్లలోనూ బాగా కావలసినవాళ్లను మందలించాలంటే ‘ఎవరో ఇలా చేశారట’ అనే కదా ఎత్తుకుంటాం. నాకు ఈ అర్థమే పొసగుతుంది. మూడో వాక్యంలో మొదలైన ఆ సంబోధన పదో వాక్యం దాకా సాగుతుంది. తప్పు ఒకరిది, మందలింపు మరొకరికి అంటే అతకదు. తన మీద వచ్చిన మందలింపును తానే జనానికి వినిపించడం ప్రవక్త శీలానికి మచ్చ కాదు, సాక్ష్యం.

వాళ్లూ వీళ్లూ కాదనలేని సంగతి ఒకటుంది. నన్ను కదిలించేది అదే. ఆ చిట్లింపు ఆ అంధుడికి కనబడదు. ఎదుటివాడికి తెలియనే తెలియని ముఖకవళిక కూడా లెక్కలోకి వచ్చింది. 42 వాక్యాల సూరా ముగిసేదీ ముఖాల మీదే: తీర్పునాడు కొన్ని వెలుగుతూ నవ్వుతుంటాయి, కొన్ని దుమ్ము కమ్మి నల్లబడతాయి.

ఇబ్న్ ఉమ్మె మక్తూమ్ తర్వాత మదీనాలో నమాజుకు పిలుపునిచ్చే ముఅజ్జిన్ అయ్యారు. తెల్లవారిందని ఎవరైనా చెప్పేదాకా ఆగి, అప్పుడు ఆ పిలుపు, అజాన్, పలికేవారు.