కేప్ బ్రెటన్ ఫిడేలు



ఫిడేలనగానే మనకు ద్వారం వెంకటస్వామినాయుడుగారును, విజయనగరమును స్ఫురించును. విదేశమునుండి వచ్చిన యా వాద్యమును బాలుస్వామి దీక్షితులు మొదలగువారు మన గానమున కలవఱచిరి. అదే వాద్యము కెనడాదేశపు తూర్పుకొసనున్న కేప్ బ్రెటన్ ద్వీపమున వేఱొక విధమున బ్రదుకుచున్నది. ఈ మాసము దానినిగూర్చి ముచ్చటించెదను.

పదునెనిమిదవ శతాబ్ది చివరనుండి స్కాట్లండు కొండసీమలలో భూస్వాములు గొఱ్ఱెల మేపునకై కౌలుదారులను వెడలగొట్టజొచ్చిరి. పెక్కు గేలిక్ కుటుంబములు సముద్రము దాటి యీ దీవి చేరినవి. వారి భాషయు, నాట్యమును, ఫిడేలు బాణీలును వారితోడనే వచ్చినవి. వాద్యము లేని యింట స్త్రీలు నోటితోనే నాట్యగతులు పాడెడివారు. తల్లి వంటపనిలో కూనిరాగము తీయుచుండ బిడ్డలు నేర్చిరన్నచో మనకు వింతగాదు గదా!

నటాలీ మెక్‌మాస్టర్ అను నామె 1972లో అచ్చట జన్మించి తొమ్మిదేండ్లు దాటిన పిదప ఫిడేలు పట్టినది. ఆమె తండ్రికి సోదరుడగు బడ్డీ మెక్‌మాస్టర్ (1924–2014) రైలుస్టేషనులో ఉద్యోగము చేయుచునే నాట్యములకు వాయించి కీర్తిగాంచెను. 2002లో వెలువడిన ఆమె 'లైవ్' అను జంటఫలకములలో మొదటిది మిస్సిసాగా నగరపు రంగశాలలోనిది. రెండవది గ్లెంకో మిల్స్ అను పల్లెలో జనులు నాట్యమాడుచుండగా పట్టినది. మా యింటివారు మొదటిదానియందలి స్పష్టతను మెచ్చుదురు. నాకు రెండవదియే ప్రియము. ఫిడేలుతోపాటు నేలపై పాదముల చప్పుడు వినవచ్చును, కేకలు వినవచ్చును. అవి దోషములు గావు. అచ్చటి నర్తకులే మృదంగము.

'స్ట్రాత్‌స్పే' అను గతిని శ్రద్ధగా వినుడు. తాళము పొట్టిస్వరముపై బడి, పిమ్మట దీర్ఘస్వరము సాగును. ఛందస్సు చదివినవారికి వగణము తోచకపోదు. దానినుండి 'రీల్' అను వేగగతికి ఆగకయే మారుదురు. మనవారు ఫిడేలును చీలమండపై ఆనించి నేలపై కూర్చుందురు. వారు కుర్చీపై కూర్చుండి, ఫిడేలును భుజమున నిలిపి, మడమతో తాళము వేయుదురు. గమకములు మనవానివంటివి గావు. కమానుతో స్వరమును త్రుంచి త్రుంచి పలికింతురు. పియానో వెంట నడచును.

ఈ విద్య యొకప్పుడు నశించునని భయపడిరి. యువకులు నేర్చుటలేదనియు, కేప్ బ్రెటన్ ఫిడేలు అదృశ్యమగుచున్నదనియు 1971లో అచ్చటి జాతీయ ప్రసారసంస్థవారు చిత్రము తీసిరి. ద్వీపవాసులకు రోషము కలిగెను. 1973లో గ్లెన్‌డేల్ అను గ్రామమున ఉత్సవము జరిపి, నూఱుమందికి పైగా వాద్యకారులను ఒక్కచోట చేర్చిరి. పిమ్మట పిల్లలకు పాఠములు మొదలయ్యెను. వారిలో బాలికలు అనేకులు. అంతకుముందు బహిరంగమున వాయించువారిలో పురుషులే హెచ్చు. ఇండ్లలో బాణీలను గుర్తుంచుకొన్న తల్లులకు మాత్రము పేరు రాలేదు. నాకు కష్టమనిపించిన దదియే.

వినగోరువారు రెండవ ఫలకమునే ముందు పెట్టుకొనుడు. పనివేళ పెట్టినను బాధలేదు. పిల్లలు లేచి గంతులు వేసినచో వారింపకుడు, అది అందులకే వాయించిన పాట.