ఎర్రగడ్డ జోక్ ఎప్పటిది?

హాస్టల్లో ఎవడైనా కొంచెం తేడాగా మాట్లాడితే చాలు, "వీణ్ణి ఎర్రగడ్డకి పంపాల్రా" అని ఒకడు అంటాడు, అందరూ నవ్వుతారు. చెన్నైలో ఇదే జోక్‌కి కీల్పాక్ అనే పేరు వాడతారు. రెండు చోట్లా ఉన్నది మానసిక వైద్యశాలే. మరి ఆసుపత్రి పేరు తిట్టు ఎందుకైంది?

దీనికి జవాబు మద్రాసులో దొరుకుతుంది. 1794లో వాలెంటైన్ కొనొలీ అనే సర్జన్ అక్కడ 16 మంది కోసం ఒక ప్రైవేటు పిచ్చాసుపత్రి పెట్టాడు. ఈస్టిండియా కంపెనీ దానికి డబ్బు కట్టేది. తర్వాత అది చేతులు మారింది. డాల్టన్ అనే ఇంకో సర్జన్ దాన్ని 54 మందికి సరిపోయేలా మళ్ళీ కట్టించాడు. చివరికి 1871లో ప్రభుత్వమే కీల్పాక్‌లో కొత్త ఆసుపత్రి తెరిచింది. అప్పట్లో కోస్తా జిల్లాలు కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి.

ఓనర్లు మారారు, బిల్డింగులు మారాయి. కానీ లోపలికి వెళ్ళినవాళ్ళకి ఇవ్వడానికి సరైన మందు లేదు. మొదటి యాంటీసైకోటిక్ మందు క్లోర్‌ప్రోమజైన్ వాడకం మొదలైంది 1952లో. అంటే అంతకుముందు నూటయాభై ఏళ్ళకు పైగా, చాలామందికి ఆ గేటు దాటడమంటే వైద్యం కాదు, బందీగా ఉండటమే. జనంలో పాతుకుపోయిన భయం ఆ కాలానిది.

మన ఎర్రగడ్డ సంగతి చూడండి. జాల్నాలో ఉన్న ఆసుపత్రి అక్కడికి మారింది 1953లో, అంటే మందు వచ్చాక. ఇప్పుడు 2017 నాటి మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ప్రకారం వైద్యం పొందడం పేషెంట్ హక్కు. వైద్యం మారింది, చట్టం మారింది. మన జోక్ మాత్రం కొనొలీ కాలంలోనే ఉంది.

"జోకే కదా, లైట్ తీస్కో" అంటారు. నవ్వేవాడికి లైటే. కానీ అదే రూమ్‌లో వారం నుంచి నిద్రపట్టక, బ్యాక్‌లాగ్‌ల గురించి ఇంట్లో చెప్పలేక కూర్చున్నవాడు కూడా ఆ జోక్ వింటాడు. డాక్టర్ దగ్గరికి వెళ్తే తన పేరు కూడా అలాగే వాడతారని వాడికి అప్పుడే అర్థమైపోతుంది. ఇక నోరు విప్పడు.

వరంగల్‌లో మన ఎంజీఎంలోనే సైకియాట్రీ విభాగం ఉంది. అంత దూరం వెళ్ళలేకపోతే టెలి మానస్ నంబర్ 14416కి ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడొచ్చు. జోక్ వేసే ముందు ఈ నంబర్ సేవ్ చేసుకోండి. పక్క మంచం వాడికి ఎప్పుడైనా పనికిరావచ్చు.