కుట్టే చేతికి గట్టి పట్టు కావాలి

కుట్లు తీయించుకోవడానికి వచ్చేవారు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "ఎన్ని కుట్లు పడ్డాయి సిస్టర్?" ఎన్ని ఎక్కువ చెబితే అంత పెద్ద ఆపరేషన్ అని ఊళ్ళో చెప్పుకుంటారు. ఆ కుట్లు దేనితో వేశారని మాత్రం ఎవరూ అడగరు. ఎన్నో ఏళ్ళుగా థియేటర్‌లో పనిచేస్తున్నదాన్ని కనుక ఆ సంగతి చెప్పాలనిపించింది.

గాయాన్ని కుట్టే సూది ఎక్కువగా నెలవంకలా వంగి ఉంటుంది. దానిని వేళ్ళతో కాదు, నీడిల్ హోల్డర్‌తో పట్టుకోవాలి. ఇది చూడటానికి కత్తెరలా ఉంటుంది గాని కోయదు. మూతి పొట్టిగా, లోపల గరుకుగా ఉంటుంది. పిడి దగ్గరి పళ్ళు టక్కున పడితే సూది కదలకూడదు. సూదిని మొన దగ్గర పట్టుకుంటే మొన మొద్దుబారుతుంది. దారం అతికిన చోట పట్టుకుంటే వంగుతుంది, విరగనూవచ్చు. అందుకే నడుమకు కాస్త వెనుకగా, దారం వైపు పట్టుకుంటారు.

ఏళ్ళ తరబడి వాడితే మూతిలోని గరుకు అరిగిపోతుంది. అప్పుడు చర్మంలో దిగుతున్న సూది పక్కకు తిరుగుతుంది. ఒకసారి పొడవవలసిన చోట రెండుసార్లు పొడవవలసి వస్తుంది. ఆపరేషన్ సమయం పెరుగుతుంది. జారిన సూదిని సరిచేయడానికి చెయ్యి తనంతట తానే ముందుకు పోతుంది. ఆ సూది గుచ్చుకుంటే హెపటైటిస్ బి, హెచ్.ఐ.వి. వంటివి సోకే ప్రమాదం ఉంది.

పరికరాన్ని నిందించడం ఆడలేక మద్దెల ఓడు అన్నట్టే అని కొందరంటారు. నేను ఒప్పుకోను. నేర్పున్న డాక్టరుగారు అరిగిన పరికరంతోనూ కుట్టగలరు. కాని ఆ కష్టంలో కొంత భాగం రోగి భరించాలి.

అలాగని అన్నీ ఖరీదైనవే కొనాలని కాదు. ముఖం మీద చిన్న గాయానికి అయిదారు అంగుళాల సన్ననిది, కడుపు లోతుల్లో కుట్టడానికి ఎనిమిది అంగుళాలు లేదా ఇంకా పొడవైనది కావాలి. సన్నని దానితో లావు సూదిని పడితే మూతి చెడుతుంది. పెద్ద దానితో సన్న సూదిని పడితే సూది చెడుతుంది. రోజూ ఎక్కువగా వాడేవాటికి మూతిలో టంగ్‌స్టన్ కార్బైడ్ పలకలు ఉన్నవి మేలు. వీటి పిడి వలయాలకు సాధారణంగా బంగారు రంగు ఉంటుంది. ధర ఎక్కువే గాని చాలాకాలం మన్నుతాయి. చాలావాటికి పలకలు అరిగితే మార్చుకోవచ్చు.

ఏదైనా సరే, పని కాగానే రక్తం ఎండకముందే కడిగి, తుడిచి, పళ్ళు విప్పి ఆటోక్లేవ్‌లో పెట్టాలి. అప్పుడప్పుడు సూదిని బిగించి చూడాలి. రెండో పన్ను మీద బిగించినా సూది తేలికగా తిరుగుతుంటే దానిని రిపేరుకు పంపాలి. 'ఈ ఒక్క కేసుకు సర్దుకుందాం' అనడం తప్పు. ఇది మాలాంటివారికి నేను చెప్పే మాట.

ఇక మీకొక మాట. స్వస్థత పొందిన కుటుంబాలు కృతజ్ఞతగా గోడ గడియారాలు, ఫ్యాన్లు పేర్లు రాయించి ఇస్తున్నారు. సంతోషమే. కాని ఈసారి ఇచ్చేముందు థియేటర్‌లో ఏమి కావాలో ఒకసారి అడగండి. నీడిల్ హోల్డర్ మీద మీ పేరు రాయడానికి చోటుండదు. దానిని చూసేవారు కూడా ఉండరు. కుట్టించుకునే రోగి మత్తులో ఉంటాడు. అయినా మానిన గాయం మీది సన్నని గీతలో మీ కానుక ఉంటుంది, దేవునికి అది తెలుసు.